ఆన్‌లైన్ షాపింగ్‌లో డబ్బు ఎలా కడితే మేలు: క్యాష్ ఆన్ డెలివరీయా, యూపీఐయా, కార్డా?

శ్రావణమాసం ముందు మా పిన్ని ఫోన్ చేసింది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ చూసి రెండు మంగళగిరి పట్టు చీరలు ఆర్డర్ పెట్టిందట, రెండూ కలిపి 1,800 రూపాయలు. ఆ ధరకి పట్టు రాదని మంగళగిరి పక్క ఊళ్లో పుట్టిన మనిషికి తెలియక కాదు. ఫొటోలు అంత బాగున్నాయి, పైగా ఆఫర్ రెండు రోజులే అన్నారు. పేజీలో ఉన్న నంబరుకి యూపీఐలో కట్టేసింది. మర్నాడు వాట్సాప్‌లో ఇంకో మెసేజ్: "జీఎస్టీ బిల్లుకి 650 కట్టండి మేడం, పార్సిల్ అందగానే రిఫండ్ అవుతుంది." అదీ కట్టింది. ఆ తర్వాత అవతలి నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"క్యాష్ ఆన్ డెలివరీ పెట్టుకున్నా బాగుండేది కదే" అంది పిన్ని.

అవునని అనలేకపోయాను. అంతకు కొన్ని నెలల ముందే మా ఇంట్లో 799 రూపాయలు పోయాయి, అదీ క్యాష్ ఆన్ డెలివరీలోనే. నేను ఆఫీసులో ఉండగా మధ్యాహ్నం పూట నా పేరుతో పార్సిల్ వచ్చింది. నేనే తెప్పించుకున్నాననుకుని అమ్మ పోపుల డబ్బాలోంచి డబ్బు తీసి ఇచ్చేసింది. సాయంత్రం టేపు కోసి చూస్తే పల్చటి దుప్పటి ఒకటి, నలిగిన న్యూస్‌పేపర్‌లో చుట్టి ఉంది. నేను అసలు ఏమీ ఆర్డర్ పెట్టలేదు. లేబుల్ మీద నా పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. పంపినవాళ్ల దగ్గర మాత్రం అర్థం కాని నాలుగక్షరాల పేరు ఉంది, ఫోన్ నంబరు లేదు.

ఈ రెండూ చూశాక, డబ్బు ముందు కట్టాలా తర్వాత కట్టాలా అనేది నాకు పెద్ద ప్రశ్నగా అనిపించడం మానేసింది. కట్టిన డబ్బు తప్పుడు చేతిలో పడితే వెనక్కి తెచ్చుకునే దారి దేనిలో ఉంది? నేను తూకం వేసేది దీన్నిబట్టే.

క్యాష్ ఆన్ డెలివరీ మనకు కొత్తది కాదు. మన పెద్దవాళ్లు పోస్టాఫీసులో వీపీపీ అనేవారే, అదే పద్ధతి. పోస్ట్‌మన్ చేతిలో డబ్బు పెట్టాకే కట్ట విప్పాలి. ఇప్పుడూ చాలా కొరియర్లు డబ్బు ఇవ్వకుండా పెట్టె తెరవనివ్వవు. అంటే మనం డబ్బు ఇస్తున్నది పెట్టెకి, లోపలి వస్తువుకి కాదు. తెచ్చిన అబ్బాయికి లోపల ఏముందో తెలియదు, అతన్ని నిలదీసి లాభం లేదు. పెద్ద యాప్‌లో పెట్టిన ఆర్డర్ అయితే అది యాప్‌లో కనిపిస్తుంది, రిటర్న్ పెట్టే దారి ఉంటుంది. ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే ఇంకా మంచిది, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటివి కొన్ని వస్తువులకి ఇస్తున్నాయి. పెట్టె మన కళ్లెదుటే తెరిచి చూపించాకే ఓటీపీ చెప్పాలి. ఎవరో ఫోన్ చేసి "మీ ఆర్డర్ క్యాన్సిల్ చేస్తున్నాం, ఓటీపీ చెప్పండి" అంటే మాత్రం చెప్పకూడదు. ముక్కూ మొహం తెలియని పేజీలో క్యాష్ ఆన్ డెలివరీ ఉంది కదా అని ధైర్యపడితే మా 799 గతే. మా ఇంట్లో ఇప్పుడు ఒకటే పద్ధతి: ఏం ఆర్డర్ పెట్టినా వస్తువు, ధర ఫ్యామిలీ గ్రూప్‌లో పెడతాను. గ్రూప్‌లో లేని పార్సిల్‌ని అమ్మ వాపసు పంపేస్తుంది.

యూపీఐ దగ్గర కాస్త ఆగాలి, అందరం రోజూ వాడేది అదే కాబట్టి. యూపీఐలో కట్టడం రెండు రకాలు. యాప్‌లో వస్తువు ఎంచుకుని, ఆ యాప్ చెల్లింపు పేజీలోనే కట్టడం ఒకటి. ఎవరో ఇచ్చిన ఫోన్ నంబరుకో క్యూఆర్ కోడ్‌కో పంపడం ఇంకొకటి. రెండింటికీ అదే పిన్, అదే ఆకుపచ్చ టిక్కు. అందుకే తేడా తెలియదు. మొదటిదానికి ఆర్డర్ నంబరు ఉంటుంది, క్యాన్సిల్ అయితే రిఫండ్ మామూలుగా అదే ఖాతాకి తిరిగొస్తుంది. రెండోది దారిన పోయే మనిషి చేతిలో నోట్లు పెట్టడమే. క్షణాల్లో వాళ్ల ఖాతాలో పడుతుంది, నిమిషాల్లో అక్కడి నుంచి వేరే ఖాతాలకి వెళ్లిపోతుంది.

పిన్‌కి ముందు స్క్రీన్ మీద అవతలి ఖాతాదారు పేరు పడుతుంది. పిన్ని పాత లావాదేవీ తెరిచి చూపించింది. పేజీ పేరులో సిల్క్స్ అని ఉంది. డబ్బు వెళ్లింది మాత్రం ఒక మగమనిషి పేరు మీదున్న సొంత ఖాతాకి. "ఆ పేరు కనపడిందే, ఓనరేమో అనుకున్నా" అంది.

ఇంకో మాట. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. మనుషులు ఒకరినొకరు యూపీఐలో డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్ట్‌లను 2025 అక్టోబరు నుంచి ఆపేశారు గానీ, "రిఫండ్ కోసం ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అనేవాళ్లు ఆగలేదు. గూగుల్‌లో వెతికి పట్టుకున్న కస్టమర్ కేర్ నంబర్లలో ఇలాంటివాళ్లు కాచుకుని ఉంటారు. నంబరు కావాలంటే యాప్ లోపలే చూసుకోవాలి. నేను యూపీఐకి వేరే ఖాతా పెట్టుకున్నాను, అందులో నెల ఖర్చుకి మించి ఉంచను.

ఇక కార్డు. డెబిట్ కార్డుతో పోయేది మన జీతం డబ్బు. గొడవ తేలేదాకా చేతిలో ఏమీ ఉండదు, టెన్షన్ వేరే. క్రెడిట్ కార్డులో ముందు కదిలేది బ్యాంకు డబ్బు. అన్నిటికన్నా పెద్ద తేడా చార్జ్‌బ్యాక్. ఓటీపీ మనమే కొట్టినా, వస్తువు రాకపోతే "నాకు అందలేదు" అని బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టవచ్చు. బ్యాంకు అవతలి వ్యాపారి బ్యాంకుని రుజువు అడుగుతుంది, వాళ్లు చూపలేకపోతే డబ్బు వెనక్కి వస్తుంది. డెబిట్ కార్డుకీ ఈ దారి ఉంది. ఒక నంబరుకి యూపీఐలో పంపినదానికి ఇలాంటిది లేదు. ప్రకటన, ఆర్డర్ పేజీ, చాట్ స్క్రీన్‌షాట్లు, పార్సిల్ విప్పుతున్న వీడియో ఉంచుకుంటే డిస్ప్యూట్ నిలబడుతుంది.

మనకు తెలియకుండా డబ్బు పోతే వేరే లెక్క. 2017 జులైలో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తప్పు మనదీ బ్యాంకుదీ కానప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారుకి నష్టం ఉండదు. ఓటీపీ మనమే చెప్పేసి ఉంటే, బ్యాంకుకి చెప్పేదాకా పోయినదంతా మన మీదే.

కార్డుకీ ఒక బెడద ఉంది. చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడగకుండానే, నంబరు, సీవీవీతోనే డబ్బు తీసేసుకుంటాయి. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆఫ్ చేసి, ఆన్‌లైన్ లిమిట్ తగ్గించి పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. నెలనెలా బిల్లు మొత్తం కట్టలేనివాళ్లకి మాత్రం భద్రత పేరుతో క్రెడిట్ కార్డు తీసుకోమని చెప్పలేను, వడ్డీకే ఇల్లు గుల్లవుతుంది.

నన్నడిగితే, ఫోన్, ఫ్రిజ్ లాంటి ఖరీదైన వస్తువుకి క్రెడిట్ కార్డే మేలు. చిన్నాచితకా వస్తువులకి తెలిసిన యాప్ లోపల యూపీఐ చాలు. అమ్మలాంటి వాళ్లకి పెద్ద యాప్‌లో ఓపెన్ బాక్స్‌తో క్యాష్ ఆన్ డెలివరీ. ఇన్‌స్టాగ్రామ్ పేజీ అమ్మేదానికి కార్డుతో కట్టనివ్వక, సొంత నంబరుకే పంపమంటే, చీర ఎంత బాగున్నా వదిలేయడమే. తెలిసిన సైటే తేడా చేస్తే 1915 ఉంది, వినియోగదారుల హెల్ప్‌లైన్. మోసమైతే 1930, సైబర్ నేరాల హెల్ప్‌లైన్. ఆ నంబరుకి ఎంత త్వరగా చేస్తే డబ్బు దారిలోనే ఆపడానికి అంత వీలుంటుంది.

పిన్ని నాకు ఫోన్ చేసింది నాలుగో రోజు. బాబాయ్ తిడతాడని మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు, సరిగా అన్నం కూడా తినలేదట. ఆ సాయంత్రమే 1930కి చేశాం, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. మర్నాడు బ్యాంకుకి వెళ్లి కాగితం రాసిచ్చాం, బాబాయే బండి మీద తీసుకెళ్లాడు. డబ్బు ఇంకా రాలేదు.