రికంబెంట్ సైకిలుకు మోటారు: బనశంకరి వర్క్‌షాపు పనితనం

వెనక్కి వాలి కూర్చుని తొక్కే రికంబెంట్ సైకిలుకు బెంగళూరు ఎత్తుపల్లాలు గట్టి పరీక్ష. మామూలు సైకిలు మీద ఎత్తు వస్తే లేచి నిలబడి ఒంటి బరువంతా పెడలు మీద వేయవచ్చు. దీని మీద ఆ వీలు లేదు, పైగా వేగం తగ్గేకొద్దీ బ్యాలెన్స్ నిలవదు. అందుకే నా సైకిలుకు బాఫాంగ్ కంపెనీ 250 వాట్ల మిడ్ డ్రైవ్ మోటారు, అంటే పెడళ్ల ఇరుసు దగ్గర బిగించేది, పెట్టించుకున్నాను. ఆ పని చేసిన బనశంకరిలోని ఒక చిన్న వర్క్‌షాపు గురించి ఈ సమీక్ష.

పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం 68 మిల్లీమీటర్ల ప్రామాణిక వెడల్పుదైతే మోటారు బిగించడం పెద్ద పని కాదు. అసలు పనంతా చైనుది. పెడళ్లు ముందు, చక్రం వెనక ఉండటంతో రెండున్నర నుంచి మూడు మామూలు చైన్లు కలిపితే గాని పొడవు సరిపోదు, అది సీటు కింద ఐడ్లర్ పుల్లీ, అంటే చైను దారి మళ్లించే చిన్న చక్రం, మీదుగా వంగి వెళ్తుంది. లాగే వైపు చైను అక్కడ 30 డిగ్రీలు వంగితే, చైనులోని లాగుడులో సుమారు సగం ఆ చిన్న పుల్లీ బేరింగు మీద పడుతుంది. కాలి బలానికి మోటారు బలం తోడయ్యాక పాత ప్లాస్టిక్ పుల్లీని నమ్ముకోవడం మంచిది కాదు. నేను ముందు విచారించిన చోట్ల బ్యాటరీ ఎంత దూరం వస్తుందో చెప్పారే గాని, ఐడ్లర్ మాట ఎవరూ ఎత్తలేదు.

ఇక్కడి మెకానిక్ మదనపల్లె కుర్రాడు. సైకిలు చూస్తూనే, "మోటారు సంగతి తర్వాత సార్, ముందు చైను దారి చూడనీండి" అని సీటు విప్పాడు. మోటారు గేర్‌బాక్సు మూలంగా ముందు పళ్లచక్రం కుడివైపుకు జరుగుతుంది కనుక, దాని కొత్త స్థానం నుంచి వెనక చక్రానికుండే గేర్ల గుత్తి (క్యాసెట్) మధ్య పళ్లచక్రం వరకు దారం లాగి కట్టి, ఐడ్లర్ ఎంత పక్కకు జరగాలో ఆ దారాన్ని బట్టి గుర్తు పెట్టుకున్నాడు. ఆ కొలతకు లేత్ మీద బుష్ తీయించి, పాత పుల్లీ స్థానంలో బేరింగులున్న పళ్ల స్టీలు పుల్లీ వేశాడు. చైను దూరే ప్లాస్టిక్ గొట్టాల చివర్లను వేడి చేసి సన్నాయి మూతిలా విప్పార్చాడు. అంచుకు చైను ఒరుసుకోదు, గరగర వినిపించదు. ఇంత శ్రద్ధ అడిగి చేయించుకోగలిగేది కాదు.

మామూలు ఫ్రేములో మోటారు తిరగకుండా కింది గొట్టం ఆసరాగా ఉంటుంది. ఇక్కడ పెడళ్లను మోస్తూ ముందుకు పొడుచుకొచ్చిన గొట్టం (బూమ్) ఒక్కటే ఆధారం కాబట్టి, దాని చుట్టూ అల్యూమినియం క్లాంపు చేసి బిగించారు. గేరు మార్చే క్షణంలో మోటారును ఆపే సెన్సారును కూడా పట్టుబట్టి పెట్టించారు. అది లేకపోతే లోడు మీదే గేరు పడి, చైను, క్యాసెట్ త్వరగా అరుగుతాయి.

ముందున్న మూడు పళ్లచక్రాలు పోయి 42 పళ్లది ఒక్కటే మిగులుతుందని, వెనక 34 పళ్లది ఉన్నా బ్యాటరీ అయిపోతే ఎత్తు ఎక్కడం కష్టమేనని పని మొదలుపెట్టకముందే చెప్పారు. 750 వాట్ల మోటారు సంగతి అడిగితే ఒప్పుకోలేదు. రిజిస్ట్రేషన్ అక్కర్లేకుండా నడపాలంటే మోటారు 30 నిమిషాల సామర్థ్యం (అరగంట పాటు నిలకడగా ఇవ్వగలిగే శక్తి) 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండాలన్నది కేంద్ర నిబంధన. ఆ జవాబు నాకు నచ్చింది.

అసంతృప్తి రెండు విషయాల్లో. మజూరీ ఎంతో ముందే కాగితం మీద రాసి ఇవ్వలేదు. లేత్ పని ఖర్చు చివర్లో చేరింది. వెనక చక్రం దగ్గరి స్పీడ్ సెన్సారు వైరును, కాళ్ల పొడవుకు తగ్గట్టు బూమ్ జరిపేందుకు వీల్లేనంత బిగువుగా కట్టారు. చెప్పాక సరిచేశారు గాని, బూమ్ జరిపి చూడటం వాళ్ల పరీక్షలోనే ఉండాల్సింది. కార్బన్ బూమ్ ఉన్న సైకిళ్లకు ఈ పని చేయబోమని వాళ్లే చెబుతున్నారు. ముందు చక్రం పెడళ్లకు దగ్గరగా ఉండే రకమైతే, హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు టైరుకూ బూమ్‌కూ మధ్య మోటారు పట్టేంత ఖాళీ ఉందో లేదో ఇంట్లోనే కొలుచుకుని వెళ్లండి.