జాగ్రత్త: గాలి దిగుతోందని వెళ్తే పాత టైర్లు అంటగట్టారు

సంక్రాంతికి ఊరికి బయల్దేరే ముందు రోజు, బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న ఒక టైర్ల షాపులో 9,500 రూపాయలు వదిలించుకుని వచ్చాను. అసలు రోగానికి అయిన ఖర్చు 80 రూపాయలు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. పేరు తెలిసినా మీకు పెద్దగా ఒరిగేదేమీ లేదు లెండి. నా గోడు విన్నాక ఆఫీసులో ముగ్గురు ఇలాంటి కథలే చెప్పారు, మూడూ వేరే వేరే షాపులు. వాళ్లు ఎలా బుట్టలో వేస్తారో తెలిస్తే మీ డబ్బు మీ దగ్గరుంటుంది.

నాది 2021 ఆగస్టులో కొన్న చిన్న కారు. టైర్లు కారుతో వచ్చినవే, 38 వేల కిలోమీటర్లు తిరిగాయి. నవంబరు నుంచి వెనక ఎడమ టైరులో గాలి మెల్లగా దిగడం మొదలైంది. సోమవారం పొద్దున 33 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టిస్తే శుక్రవారానికి 27. చుట్టూ చూస్తే మేకు లేదు, కోసుకుపోయిన గుర్తూ లేదు. పెట్రోల్ బంకులో గాలి ఉచితమే కదా అని వారానికోసారి కొట్టించుకుంటూ రెండు నెలలు నెట్టుకొచ్చాను. ఆ రెండు నెలల బద్ధకమే నన్ను చివరి రోజు కంగారుగా షాపుకు పరిగెత్తించింది, ఆ తప్పు నాదే.

ఇక్కడొక విషయం. శని, ఆదివారాలు కారు బేస్‌మెంట్‌లో కదలకుండా ఉంటే గాలి దాదాపు దిగేదే కాదు. ఆఫీసుకు తిప్పిన రోజుల్లోనే దిగేది. ఇది నేను గమనించాను గానీ, దాన్ని పట్టుకుని ఆలోచించలేదు.

షాపు ముందు కారు ఆపగానే ఏపీ 39 నంబరు ప్లేటు చూసి ఒకాయన నవ్వుతూ ఎదురొచ్చాడు. పక్కన ఉన్నవాళ్లతో కన్నడం, నాతో చక్కటి తెలుగు. "రండన్నా, మనది ఏ ఊరు? మదనపల్లెనా? మా అత్తగారిది వాయల్పాడే అన్నా!" అంతే, నేను పడిపోయాను. పరాయి ఊళ్లో మన భాష వినపడితే సగం జాగ్రత్త ఎగిరిపోతుంది. నిజంగా వాయల్పాడు అల్లుడో కాదో ఆ దేవుడికే తెలియాలి.

చక్రం విప్పి నీళ్ల తొట్టిలో పెట్టారు. అప్పుడే అమ్మ ఫోన్. ఎన్నింటికి బయల్దేరతారు, అరిసెలకు పిండి ఇప్పుడే తడపమంటావా అని. ట్రాఫిక్ చప్పుడుకు వినపడక పక్కకు వెళ్లి మాట్లాడాను. మూడు నిమిషాలు, మహా అయితే నాలుగు. వచ్చేసరికి కుర్రాడు చక్రాన్ని నీళ్లలో తిప్పి చూపిస్తున్నాడు: నాలుగు చోట్ల బుడగలు. నాలుగూ టైరు భుజం దగ్గర, అంటే నేల తాకే పట్టీ పక్కగోడను కలిసే చోట, ఇంచుమించు ఒకే వరుసలో. ఒక్కదాంట్లోనూ మేకు లేదు.

"అన్నా, నాలుగు పంక్చర్లు. మధ్యలో ఉంటే ప్యాచ్ వేసి పంపించేవాణ్ని. ఇవి పక్కగోడకు దగ్గరగా ఉన్నాయి, ఇక్కడ వేయకూడదు. పిల్లలతో హైవే ఎక్కుతున్నారు. రెండు వెనక టైర్లూ కలిపి మార్చేయండి, ఒక్కటే మారిస్తే పట్టు తేడా వస్తుంది" అన్నాడు.

ఆయన మాటల్ని విడివిడిగా చూస్తే అన్నీ నిజాలే. నేల తాకే పట్టీ మీద పడ్డ చిల్లుకే ప్యాచ్ వేయాలి, భుజం మీదా పక్కగోడ మీదా పడితే వేయకూడదు. ఒకే ఇరుసు మీద రెండు టైర్లూ ఒకేలా ఉండటం మంచిదే. గాలి తక్కువైన టైరు హైవే వేగంలో పక్కగోడలు నలిగి వేడెక్కి పగిలిపోవచ్చన్నదీ నిజమే. అబద్ధం ఆ నాలుగు చిల్లుల దగ్గర మాత్రమే ఉంది. దాన్ని ఈ నిజాల మధ్యలో పెట్టి అమ్మాడు. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ "మార్పించేయండి, పండగ పూట టెన్షన్ ఎందుకు" అంది. అయిపోయింది.

లెక్క ఇదీ. టైరు 4,400 చొప్పున రెండు, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కలిపి 900, నాలుగు చక్రాలకూ నైట్రోజన్ 200, కొత్త వాల్వులు (గాలి కొట్టే చిన్న గొట్టాలు) రెండు 200. పాత టైర్లు వాళ్లే ఉంచుకుని 600 తగ్గించారు. ఏదో మేలు చేసినట్టు తగ్గించారనుకున్నాను. ఆ రెండు టైర్లతో పాటు నా దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని కూడా 600కి అమ్మేసి వచ్చానని తర్వాత అర్థమైంది. నైట్రోజన్ సంగతా? మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. నగరంలో తిరిగే మామూలు కారుకు బంకులో ఉచితంగా వచ్చే గాలి చాలు, క్రమం తప్పకుండా చూసుకుంటే.

మర్నాడు హోస్కోట, చింతామణి మీదుగా మదనపల్లె చేరాం. ప్రయాణం బాగానే సాగింది. భోగి రోజు తెల్లవారుజామున, ఊరికే అలవాటు కొద్దీ, నా దగ్గరున్న గాలి కొలిచే చిన్న గేజ్ పెట్టి చూశాను. కుడి టైరు 33. ఎడమది 29. కొత్త టైరు. అదే చక్రం. అదే జబ్బు. అందరూ భోగి మంట చుట్టూ నిలబడితే నేను టైరు పక్కన గొంతుక్కూర్చున్నాను.

బస్టాండు దారిలో చింతచెట్టు కింద ఒక పెద్దాయన పంక్చర్ షాపు ఉంది. షాపంటే ఒక కంప్రెసరు, ఒక జాకీ, రంగు వెలిసిన గొడుగు. చక్రం వైపు చూడకముందే ఆయన ఒక ప్రశ్న వేశాడు. "నిలబెట్టినా దిగుతాదా, పోతా ఉంటేనే దిగుతాదా?"

రెండు నెలలుగా కళ్ల ముందే ఉన్న విషయం అది. తిరిగితేనే దిగుతోందని చెప్పాను. సబ్బు నురగ తీసుకుని ముందు టైరు మీద పూశాడు, ఏమీ లేదు. రిమ్ము అంచు చుట్టూ పూశాడు, ఏమీ లేదు. వాల్వు మీద పూశాడు, అక్కడా లేదు. అప్పుడు వాల్వును బొటనవేలితో మెల్లగా పక్కకు వంచాడు. దాని మొదలు దగ్గర, రబ్బరు రిమ్ములోకి దిగే చోట, బుసబుసమంటూ నురగ పొంగింది.

"ఇదిగో సార్, ఊపిరి ఈడ్నుంచి పోతా ఉండాది."

రబ్బరు వాల్వు ఎండకూ వయసుకూ గట్టిపడి, మొదలు దగ్గర వెంట్రుకంత చీలిక ఇస్తుందట. కారు నిలబడి ఉంటే రబ్బరు మూసుకుని ఉంటుంది. చక్రం వేగంగా తిరిగితే ఆ విసురుకు వాల్వు బయటి వైపు వంగుతుంది, చీలిక తెరుచుకుంటుంది, కొంచెం కొంచెంగా గాలి పోతుంది. తొట్టిలో చక్రాన్ని ఊరికే ముంచితే ఇది చాలాసార్లు దొరకదు, వంచి చూడాలి. టైరును ఒక పక్క రిమ్ము నుంచి దించి, పాత వాల్వు పీకి, కొత్తది లాగి, గాలి కొట్టి 80 రూపాయలు తీసుకున్నాడు. కొత్త వాల్వులకని బెంగళూరులో నేను ఇచ్చిన 200కి వాళ్లు మార్చింది ఏమీ లేదు.

నాలుగు పంక్చర్ల సంగతి చెబితే ఆయన నవ్వాడు. "నాలుగు బొక్కలుంటే అయిదు దినాలు నిలుస్తాదా సార్ గాలి? అర్ధగంటకే కూలబడి ఉండు బండి." సన్నటి ఇనుప పుల్ల చేతిలో దాచుకుని, మనం అటు తిరగ్గానే పొడవడం పాత విద్యేనట. చిల్లుకు ఇంత అని ప్యాచ్ డబ్బులు లాగడానికి మొదలైన పని, భుజం మీద పొడిస్తే ఏకంగా టైరే అమ్ముకోవచ్చని ఎవడికో తట్టింది. నా టైరును పొడిచారని నేను నిరూపించలేను, నేను చూడలేదు కాబట్టి. కానీ లెక్క మాత్రం ఆయన చెప్పినట్టే ఉంది: ఆరు పీఎస్ఐ దిగడానికి అయిదు రోజులు పట్టే టైరుకు నాలుగు చిల్లులు ఉండవు.

అక్కడితో అయిపోలేదు. చక్రం బిగిస్తూ ఆయన టైరు పక్కగోడను బొటనవేలితో తుడిచి చూసి, "ఇది కొత్తదని ఎవరు చెప్పినారు?" అన్నాడు. టైరు మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నా దాని మీద 3420. అంటే 2020లో 34వ వారం, ఆగస్టు. నేను 2021లో కొన్న కారుకు, 2026 సంక్రాంతికి, 2020 టైర్లు "కొత్తవి" వేయించుకున్నాను. అవి నా కారు కంటే ఏడాది పెద్దవి! తొక్కిన మరకలు లేవు, పట్టీ లోతుగానే ఉంది, కాబట్టి ఎక్కడో గోడౌన్‌లో పడి ఉన్న సరుకు అయి ఉంటుంది. వాడకపోయినా రబ్బరుకు వయసు వస్తుంది. ఆ అంకెలు ఒక పక్కగోడ మీదే పూర్తిగా ఉంటాయి. నా రెండింటికీ ఆ పక్కను లోపలికి తిప్పి బిగించారు, కారు కిందికి వంగి టార్చి వేస్తే గానీ కనపడదు. కాబట్టి టైరు రిమ్ముకు ఎక్కకముందే, చేత్తో పట్టుకుని, ఆ నాలుగంకెలు చదవండి. నేను కొనేటప్పుడైతే ఏడాది లోపుదే కావాలని అడుగుతాను ఇకమీదట.

ఇదంతా ఇంట్లోనే తేల్చుకోవచ్చు, అదే ఎక్కువ బాధ. ఒక స్ప్రే సీసాలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు, నీళ్లు. వాల్వు మూత తీసి దాని నోట్లో కొట్టండి, బుడగ ఉబ్బితే లోపలి పిన్ను వదులైనట్టు, దాన్ని బిగించడమో మార్చడమో ఐదు నిమిషాల పని. తర్వాత వాల్వు మొదట్లో కొట్టి అటూ ఇటూ వంచండి. తర్వాత రిమ్ము అంచు చుట్టూ. కాస్త పాత రిమ్ములకు అక్కడ తుప్పు చేరి టైరు సరిగా కూర్చోక గాలి జారుతుంది, దానికి మందు రిమ్ము గీకి శుభ్రం చేసి మళ్లీ కూర్చోబెట్టడమే. చివరికి పట్టీ అంతా. బుడగ కనిపించిన చోట సుద్దముక్కతో గీత పెట్టి ఫొటో తీసి, అప్పుడు షాపుకు వెళ్లండి. "ఇక్కడ లీకు ఉంది, ఇది చూడండి" అని వెళ్లేవాడికి నాలుగు చిల్లులు చూపించడం కష్టం. చక్రం విప్పినప్పటి నుంచి బిగించేదాకా పక్కనే ఉండండి. అమ్మ ఫోన్ చేసినా సరే.

ఇంకొకటి, గాలి నిజంగా దిగుతోందా అన్నదే ముందు చూసుకోవాలి. పొద్దున, కారు తీయకముందు కొలవాలి. పది కిలోమీటర్లు తిరిగాక కొలిస్తే మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువే చూపిస్తుంది. వాతావరణం 5, 6 డిగ్రీలు చల్లబడితే దాదాపు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. మంచి టైరుకైనా నెలకు ఒకటి రెండు పీఎస్ఐ పోవడం మామూలే. బంకు కుర్రాళ్లు అన్ని కార్లకూ 35 కొట్టేస్తుంటారు. మీ కారుకు ఎంతో డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది, అదే చెప్పి కొట్టించండి. అలాగే స్టెప్నీ కూడా చూడండి. నాది చూస్తే 18 ఉంది, దాని మీదే భరోసా పెట్టుకుని చింతామణి దాటాను.

పండగయ్యాక షాపుకు వెళ్లాను. వాయల్పాడు అల్లుడు ఆ రోజు లేడు. యజమాని నా చీటీ చూసి, "ఇది బిల్లు కాదు సార్, ఎస్టిమేట్. మీరు చూసే కదా తీసుకున్నారు" అన్నాడు. నిజంగానే పైన చిన్న అక్షరాల్లో ఎస్టిమేట్ అని ఉంది. జీఎస్టీ నంబరు లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, "అందుకే అన్నా ఈ రేటు" అని ఆ రోజు గొప్పగా చెప్పాడు. ఆ పన్ను కట్టిన బిల్లు మాత్రం ఇవ్వలేదు. క్యూఆర్ స్కాన్ చేస్తే డబ్బు వెళ్లింది షాపు పేరుకు కాదు, ఎవరో మనిషి పేరుకు. స్కాన్ చేశాక పేరు ఫోన్‌లో కనిపిస్తుంది, నేను చదవకుండానే పిన్ను కొట్టేశాను. వాదించగా వాదించగా, ఇంకో 3,000 ఇస్తే "ఫ్రెష్ స్టాక్" వేస్తానన్నాడు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. చీటీ, చెల్లింపు స్క్రీన్‌షాట్, 3420 అంకెల ఫొటో, పాత వాల్వు ఫొటో పెట్టాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కొన్న విలువ 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయవచ్చు. ఎవరికైనా ఇలాగే జరిగి ఉంటే చీటీ పారేయకండి, పాత టైరు షాపులో వదిలిరాకండి.

80 రూపాయల వాల్వు వేయించి ఈ రోజుకు 22 రోజులు. పొద్దున చూస్తే 32 ఉంది.