స్కై బెలూన్ అద్దెకు తీసుకునేవాళ్ళు ఇది చదవండి: తిరుపతిలో మా అనుభవం

చంద్రగిరిలోని మా చీరల కొట్టుకి ఆషాఢం సేల్ పెట్టినప్పుడు పైన పెద్ద స్కై బెలూన్ ఒకటి ఎగరేయాలనుకున్నాం. హైవే మీద పోయేవాళ్ళకి దూరం నుంచే కనిపించాలని ఆశ. తిరుపతిలో అడ్వర్టైజ్‌మెంట్ బెలూన్లు అద్దెకిచ్చే ఒక తమ్ముడి నంబరు మా బోర్డులు రాసే ఆయన ఇచ్చాడు. ఫోన్ చేస్తే రేటు మాట ఎత్తలేదు. "ముందు లొకేషన్ పంపించక్కా, కొట్టు చుట్టూ కరెంటు లైన్లు ఎట్లా పోతున్నాయో ఫోటోలు కూడా తీసి పెట్టు" అన్నాడు. రేణిగుంట ఎయిర్‌పోర్టు నుంచి మా కొట్టు ఎంత దూరమో మ్యాప్‌లో కొలుచుకుని, ఆ తర్వాతే చేద్దామన్నాడు. నాకు అక్కడే గురి కుదిరింది.

రేటు మాత్రం ఎక్కువే. వేరేవాళ్ళు దాదాపు సగానికే ఎగరేస్తామన్నారు. ఆరా తీస్తే తేడా అంతా గ్యాసులో ఉంది. వాళ్ళు నింపేది హైడ్రోజన్, ఇతను నింపేది హీలియం. హైడ్రోజన్ గాలిలో 4 శాతం కలిసినా చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. హీలియం అసలు మండదు. పోనీ హైడ్రోజన్ బాగా పైకి లేపుతుందా అంటే, లేపే బలంలో తేడా 8 శాతం కూడా ఉండదు. మన దగ్గర ఓపెనింగ్ అంటే గుమ్మంలో కర్పూరం వెలిగిస్తాం, గుమ్మడికాయ కొడతాం, పిల్లలు టపాసులు కాలుస్తారు. వాటన్నిటి నెత్తిమీద హైడ్రోజన్ వేలాడదీసే ధైర్యం నాకు లేదు. సగం డబ్బు మిగిలినా వద్దు.

10 అడుగుల బెలూన్ తెచ్చాడు. నింపేటప్పుడు నేను పక్కనే నిలబడి చూశాను. దాదాపు 15 ఘనపు మీటర్ల గ్యాసు పడుతుందట. రెండు సిలిండర్లు అయిపోయినా బెలూన్ ప్లాస్టిక్ షీటు మీద ముడతలు పోలేదు, మూడోది విప్పాడు. అంత గ్యాసూ కలిపి మోసేది సుమారు 15 కిలోలే. అందులో బెలూన్ బరువు, తాడు బరువు పోగా మిగిలిందే పైకి లాగే బలం. అందుకే గాలి విసిరిందంటే బెలూన్ నిటారుగా నిలబడదు, పక్కకి వాలి కిందికి దిగుతుంది. నేను 150 అడుగులు పైకి పంపమన్నాను. అతను మా మేడ మీద నుంచి దగ్గర్లోని 11 కేవీ కరెంటు లైను దాకా టేపుతో కొలిచి, 80 అడుగుల తాడే కట్టాడు. "తాడు ఎంత పొడుగుంటే చుట్టూ అంత దూరం బెలూన్‌దే అనుకోవాలక్కా, ఆ లోపల వైరు ఉండకూడదు" అన్నాడు. కరెంటు పాకకుండా తాడులో లోహపు తీగ లేదు, తడి లేకుండా ఆరబెట్టి తెచ్చాడు. విమానాలకి తాడు కనిపించేలా నడుమ నడుమ ఎర్రటి గుడ్డ జెండాలు కట్టాడు. అంత తక్కువ ఎత్తుకి అవి అక్కర్లేదని అతనికీ తెలుసు. అయినా కట్టాడు.

ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. అమెరికా విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ పెట్టిన రూల్స్ ఫోన్‌లో దాచుకున్నాడు. 6 అడుగుల వ్యాసం దాటిన, తాడుతో కట్టిన బెలూన్ ఏదైనా, ప్రత్యేక అనుమతి లేకపోతే 500 అడుగులు దాటకూడదు, ఎయిర్‌పోర్టు సరిహద్దుకి 5 మైళ్ళలోపు ఎగరకూడదు. తాడు తెగితే దానంతట అదే గ్యాసు వదిలేసే ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటు పనిచేయక తప్పించుకుపోతే దగ్గర్లోని ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కి వెంటనే చెప్పాలి. ఆ చట్టం మన దగ్గర చెల్లదు. కానీ మన 1934 నాటి విమాన చట్టం చూసినా, గాలిపటం, కట్టిన బెలూన్ రెండూ 'ఎయిర్‌క్రాఫ్ట్' అన్న నిర్వచనంలోనే ఉండేవి. ఆ చట్టం స్థానంలో వచ్చిన 'భారతీయ వాయుయాన్ అధినియమ్' అనే కొత్త చట్టం, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. కొట్టు మీద ఎగిరే బుడగని కూడా విమానమంత సీరియస్‌గా చూడాలని ఇతను నమ్ముతాడు, నాకు ఆ నమ్మకమే నచ్చింది. పోలీసు స్టేషన్‌కీ ఎయిర్‌పోర్టుకీ ఇవ్వాల్సిన లెటర్లు తనే రాసిచ్చాడు. జవాబు చేతికి వచ్చేదాకా అడ్వాన్స్ ముట్టలేదు.

ఆషాఢం గాలి సంగతి మన జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు. పొద్దున బెలూన్ చక్కగా నిలబడింది. మధ్యాహ్నం గాలి లేవగానే కుర్రాడిని పంపి దించేయించాడు. కొట్టు నిండా జనం ఉన్న టైమది, మా వారు కాస్త గట్టిగానే అన్నారు. అతను కోప్పడలేదు, ఎక్కించనూ లేదు. సాయంత్రం గాలి తగ్గాకే మళ్ళీ పైకి పోయింది.

రెండో బ్రాంచి రేణిగుంటలో తెరిచినప్పుడు కూడా అతన్నే పిలిచాం. లొకేషన్ చూసి ఒక్క మాటలో కుదరదనేశాడు. ఎక్కువ ఇస్తామన్నా ఒప్పుకోలేదు. 2015లో కొత్త టెర్మినల్ వచ్చాక ఆ ఎయిర్‌పోర్టుకి ఎన్ని విమానాలు వస్తున్నాయో రోజూ చూస్తున్నాం, అవి దిగే దారిలో తాడు నిలబెట్టనన్నాడు. దాని బదులు ఫ్యాను గాలితో నేల మీదే నిలబడే ఆర్చి ఒకటి పెట్టాడు. బాగానే ఉంది, పిల్లలు దాని కింద ఫోటోలు దిగారు. అంత దూరం నుంచి కనిపించదు, అంతే.

సంక్రాంతికి గాలిపటాలు కూడా అమ్ముతాడు. నూలు దారం తప్ప వేరేది ఉండదు. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది, అయినా అడిగేవాళ్ళు ఆగరట. లేదని పంపించేస్తాడు.

లోపాలూ ఉన్నాయి. బెలూన్ మీద అంటించిన అక్షరాల్లో 'వస్త్రాలయం' ఒత్తులు విడిపోయి వచ్చాయి. నేను పట్టుకుంటే తప్ప చూసుకోలేదు, మళ్ళీ కోయించి అంటించేసరికి ముహూర్తం దగ్గరపడి నాకు టెన్షన్ పట్టుకుంది. డిజైన్ ముందే ఫోన్‌లో తెప్పించుకుని అక్షరం అక్షరం చూసుకోండి. బిల్లు అడిగితే గానీ ఇవ్వడు. హీలియం చెన్నై నుంచి తెప్పించుకుంటాడు కాబట్టి రేపటికి కావాలంటే దొరకదు. ఆషాఢం సేల్‌కి పెట్టాలనుకునేవాళ్ళు జ్యేష్ఠంలోనే మాట్లాడుకోండి. ఫోన్ చేసేముందు మీ కొట్టు పక్కన కరెంటు లైను ఎటు పోతుందో ఒకసారి మేడెక్కి చూసుకోండి, అతను అడిగే మొదటి ప్రశ్న అదే.