స్కెచ్‌బుక్కా, విడి కాగితాలా? కామిక్ కాన్‌కి వెళ్లే గోదావరి వాళ్లకి ఏది మేలు

హైదరాబాద్‌లో జరిగే కామిక్స్ అభిమానుల జాతర కామిక్ కాన్‌లో ఆర్టిస్టుల చేత బొమ్మలు గీయించుకునేవాళ్లలో రెండు పార్టీలున్నాయి. ఒక దళసరి స్కెచ్‌బుక్ కొని, ఎవరు గీసినా అందులోనే గీయించుకునేవాళ్లు ఒక పార్టీ. ఫోల్డర్‌లో విడి కాగితాలు పట్టుకెళ్లి, బల్లకొకటి పంచేవాళ్లు రెండో పార్టీ. ఈ రెండూ కాకుండా, ముందే మెసేజ్ పెట్టి ఆర్డర్ ఇచ్చేసి అక్కడికెళ్లి బొమ్మ చేతికి తీసుకునేవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్‌లో కాపురం ఉండేవాళ్లకి ఏ పద్ధతైనా ఒకటే. అమలాపురం నుంచి బస్సులో రాజమండ్రి వచ్చి గౌతమి ఎక్కేవాళ్లకి, మర్నాడు రాత్రికి మళ్లీ అదే రైలు పట్టుకోవాల్సినవాళ్లకి మాత్రం తేడా చాలా ఉంది. నా ఓటు విడి కాగితాలకే. మా బావ ఓటు పుస్తకానికి. ఇద్దరం కలిసే వెళ్తాం కాబట్టి రెండు పద్ధతులూ పక్కపక్కనే చూసే వీలు దొరికింది.

శాన్ డియాగో కామిక్ కాన్ 1970లో మొదలైంది. మన దేశంలో 2011లో ఢిల్లీలో పెట్టారు, హైదరాబాద్‌కి 2013లో వచ్చింది. హాల్లో గేమింగ్ స్టాళ్ల రొద దాటి లోపలికెళ్తే ఆర్టిస్టుల బల్లలు వరసగా ఉంటాయి. బల్ల మీద పరిచి ఉండేవి ఎక్కువగా ప్రింట్లు, స్టిక్కర్లు. అవి కాదు మనకి కావాల్సింది, మన ఎదురుగా పెన్సిల్ పట్టి గీసేది. గీత విషయంలో మనవైపు వాళ్లకి కాస్త పొగరుందని నా అనుమానం. బాపు పుట్టిన నరసాపురం పక్కనే ఉంది, దామెర్ల రామారావు బొమ్మలు రాజమండ్రి ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. ప్రింట్ తెచ్చి చూపిస్తే మా పెదనాన్నగారు కళ్లజోడు పైకెత్తి, "బావుందిగానీ ఇందులో చెయ్యేదండీ?" అంటారు.

పుస్తకం గొప్పతనం ముందు చెప్పేస్తాను. ఒకే విషయం అనుకుని పుస్తకం మొత్తం దాంతోనే నింపితే దాని అందమే వేరు. మేం అనుకున్నది పంటు. నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లికి మనుషుల్నీ మోటార్‌సైకిళ్లనీ దాటించే పంటు మీద మీకు నచ్చిన సూపర్‌హీరోని ఎక్కించండి అని అడుగుతాం. బయటి రాష్ట్రాల ఆర్టిస్టులకి పంటంటే ఏం తెలుస్తుంది, ఫోన్‌లో ఫొటో చూపించాలి. ఒకావిడ ఆ ఫొటోని వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. ముందు నీలం పెన్సిల్‌తో పొడుగ్గా ఒక చదును గీత. దాని మీద బళ్ల వరస, పాల క్యాన్లు, గొడుగు పట్టుకున్న ముసలాయన. హీరో ఆఖర్న వచ్చాడు, రెండు బళ్ల మధ్య ఇరుక్కుని. తర్వాత సన్నటి పెన్నుతో గీతలన్నీ ఖాయం చేసి, చెయ్యి కింద టిష్యూ పెట్టుకుని, బ్రష్ పెన్‌తో పంటు కింద నీడని ఒక్క ఊపున నల్లగా లాగేసింది. హీరో వీపు మీది గుడ్డ బండి చక్రంలో పడకుండా, లుంగీ ఎగ్గట్టినట్టు నడుముకి దోపింది. అది మేం చెప్పింది కాదు.

ఆ పేజీ బావ పుస్తకంలో ఉంది. తర్వాత ఎవరి చేతికి పుస్తకం ఇచ్చినా ముందు వెనక పేజీలు తిరగేస్తారు, ఈ బొమ్మ దగ్గర ఆగి నవ్వుతారు, ఆ పైన దీన్ని మించింది వెయ్యాలని కూర్చుంటారు. ఒకాయన హీరో చేత టిక్కెట్లు కోయించాడు. ఇంకొకాయన పంటుని ఎత్తి నెత్తిన పెట్టించాడు. తెల్ల కాగితం ఇస్తే వచ్చే బొమ్మకీ, అప్పటికే పదిమంది గీసిన పుస్తకం ఇస్తే వచ్చే బొమ్మకీ పట్టుదలలో తేడా కనిపిస్తుంది. ఆ లోటు తీర్చుకోవడానికి నేను పాత బొమ్మల ఫొటోలు చిన్న ఆల్బమ్‌గా వేయించి పట్టుకెళ్తున్నాను. కొంత పని చేస్తుంది, పుస్తకం అంత కాదు.

మరి విడి కాగితాలకే ఎందుకు ఓటేశానంటే, లైను వల్ల. పొద్దున్నే గేటు తీయగానే మంచి ఆర్టిస్టుల దగ్గర పేర్లు రాసుకోవడం మొదలవుతుంది. ఆ రోజుకి చేయగలిగినన్ని పేర్లు రాగానే లిస్టు మూసేస్తారు. పుస్తకం ఇచ్చి వెళ్లండి, సాయంత్రం రండి అంటారు. పుస్తకం అక్కడ ఉన్నంతసేపూ మిగతా బల్లల దగ్గర ఇవ్వడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. బావ మధ్యాహ్నమంతా చేతులు కట్టుకుని తిరుగుతాడు. నాలుగింటికి వెళ్తే ఇంకో గంట అంటారు, ఐదింటికి వెళ్తే ఆర్టిస్టు టీకి వెళ్లి ఉంటాడు, ఆరు దాటాక రైలు టెన్షన్. ఈలోపు నేను నచ్చిన ప్రతి బల్ల మీదా ఒక కాగితం పెట్టేసి, సాయంత్రం పొలం కూలీలకి డబ్బులు పంచే మేస్త్రీలాగా వరసన తిరిగి బొమ్మలు వసూలు చేసుకుంటాను. రెండు మూడు రోజులు అక్కడే ఉండేవాళ్లకి ఈ బాధ లేదు. ఒక్క రోజు కోసం వెళ్లేవాడికి ఇదే అసలు లెక్క.

ఒక జాగ్రత్త మాత్రం కావాలి. ఏ కాగితం ఎవరికి ఇచ్చామో మర్చిపోతే గోవిందా. ఇచ్చిన వెంటనే బల్ల నంబరు కనిపించేలా ఫొటో తీసుకోవాలి. కాగితం వెనక పేరు, ఫోన్ నంబరు, ఏం గీయాలో పెన్సిల్‌తో తేలిగ్గా రాయాలి. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే ఆ గాడి ఇవతలికి తేలుతుంది.

కాగితం సంగతి కూడా ఉంది. పుస్తకంలో ఏ కాగితం కుట్టి ఉంటే అదే గతి. ఆల్కహాల్ మార్కర్‌తో రంగు వేస్తే పల్చటి కాగితంలోంచి దిగి వెనక పేజీ బొమ్మ మీద మచ్చ పడుతుంది. విడిగా అయితే పెన్ను పనికి నున్నటి బ్రిస్టల్ షీటు, నీటి రంగులకి 300 జీఎస్ఎం దళసరి కాగితం వేర్వేరుగా పట్టుకెళ్లొచ్చు. ఏది కావాలో ఆర్టిస్టే ఏరుకుంటాడు. ఎండ తగిలే గోడకి మాత్రం మార్కర్ బొమ్మ తగిలించకండి, రంగు వెలిసిపోతుంది. కాపీ తీయించి దాన్ని ఫ్రేము కట్టించుకుని, అసలుది లోపల దాచుకోవడం మేలు.

ఇక ఇంటికి తెచ్చాక మన చెమ్మ సంగతి. గాలిలో తేమ సుమారు 65, 70 శాతం దాటితే కాగితం మీద బూజు పెరగడానికి అనువు. డెల్టాలో వానాకాలం మొత్తం దాదాపు ఆ పైనే. పుస్తకంలో ఒక పేజీకి బూజు పట్టిందంటే పక్కది దానికి అతుక్కునే ఉంటుంది కదా, తప్పించుకోలేదు. కుట్టు దగ్గర జిగురుకి సిల్వర్‌ఫిష్ పురుగు చేరుతుంది. బావ పుస్తకంలో ఆఖరి పేజీలకి అప్పుడే గోధుమ రంగు చుక్కలొచ్చాయి. విడి కాగితాల్లో ఒకటి పాడైతే దాన్ని తీసి పక్కన పెట్టవచ్చు. కవర్లు కొనేటప్పుడు మెత్తగా, వాసనేసే పీవీసీవి వద్దు, మన ఎండలకి ఇంకు వాటికి అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ కవర్లు అడగండి. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, రంగు మారే రకంవి పెట్టి, రంగు మారినప్పుడల్లా వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. బీరువాలో కలరా ఉండలు వేశాం కదా అని ధీమాగా ఉంటారు మన ఇళ్లలో. అవి పురుగుని ఆపుతాయేమోగానీ తేమని ఆపవు. బయటి గోడకి ఆనుకున్న బీరువాలో అసలు పెట్టొద్దు.

లంకల్లో ఉండేవాళ్లకి వరద భయం కూడా ఉంది. 2022 జులైలో వచ్చినట్టు వచ్చి, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే, పుస్తకమైనా ఫోల్డరైనా చంకన పెట్టుకుని గట్టెక్కొచ్చు. ఇందులో రెండూ సమానం. ముందే స్కాన్ చేసి పెట్టుకోవడంలో మాత్రం విడి కాగితానిదే పైచేయి. పుస్తకం స్కానర్ మీద పూర్తిగా పరుచుకోదు, మధ్యలో నల్లటి నీడ వస్తుంది.

ముందే ఆర్డర్ ఇచ్చే పద్ధతికి నేను వ్యతిరేకిని కాదు. ఇంట్లో తీరిగ్గా కూర్చుని గీసిన బొమ్మ, హాల్లో అరుపుల మధ్య గీసినదానికంటే పనితనంలో ఖచ్చితంగా మెరుగ్గా ఉంటుంది. గోడకి పెట్టుకోవడానికి ఒక్క పెద్ద బొమ్మ చాలనుకుంటే అదే చేయండి. సగం అడ్వాన్స్ పంపి, మిగతాది బొమ్మ చూశాక ఇవ్వండి. కొరియర్‌లో రావాల్సి వస్తే గొట్టంలో చుట్టొద్దని, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి పంపమని ముందే చెప్పాలి. ఆ లుంగీ ఎగ్గట్టుడు మాత్రం ఎదురుగా నిలబడ్డవాడికే కనిపిస్తుంది, అందుకే నేను దీని జోలికి ఎక్కువ పోను. బొమ్మ వేయించుకోవడానికని ఖాళీ అట్టతో అచ్చేసే కామిక్సూ ఉన్నాయి. చూడ్డానికి సరదాగా ఉంటాయి, కానీ లోపలి పేజీల బరువుకి అట్ట వంగుతుంది.

పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు మాత్రం నా మాట పక్కన పెట్టి పుస్తకమే కొనివ్వండి. పిల్లల చేతిలో పుస్తకం చూస్తే లైను లేనప్పుడు ఆర్టిస్టులు ఊరికే ఒక ముఖమైనా గీసిస్తారు. విడి కాగితం ఇచ్చారంటే రైలు రాజమండ్రి చేరేలోపు అది పడవైపోతుంది.