కలెక్టరేట్‌లో లీగల్ గార్డియన్‌షిప్: పని ఫ్రీ, ఓపిక మాత్రం మనదే (5కి 3.5)

మా తమ్ముడికి ముప్పై దాటాయి, మేధో వైకల్యం. అమ్మ ముందే పోయింది, నాన్న కూడా పోయాక వాడి పేరు మీదున్న ఎఫ్‌డీ రెన్యువల్‌కి వెళితే "సంతకం ఎవరు పెడతారమ్మా?" అని బ్యాంకులో ఆపేశారు. 18 నిండితే కన్నవాళ్లే చట్టం లెక్కలో గార్డియన్లు కారట, ఇక అక్కనెంత! ఒక లాయరు గారు కోర్టు, పిటిషన్ అంటూ పెద్ద అంకె చెప్పారు, దణ్ణం పెట్టి వచ్చేశా. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకైతే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీయే గార్డియన్‌ని నియమిస్తుంది, కోర్టు గడప తొక్కక్కర్లేదు.

దరఖాస్తు కోసం ఫారం ఎ, వైకల్యం ఉందని చెప్పే సదరం సర్టిఫికెట్, ఆధార్లు, ఫొటోలు పెట్టాం. డల్లాస్‌లో ఉన్న అన్నయ్యని వదిలేసి నేనొక్కదాన్నే ఎందుకు అడుగుతున్నానో రాసివ్వమన్నారు, అన్నయ్య అంగీకార పత్రం కూడా తెప్పించాం. దివ్యాంగుల సంక్షేమ విభాగంలో క్లర్కు గారు ఒక్క రూపాయి అడగలేదు, తప్పులున్న చోట పెన్సిల్‌తో టిక్కులు పెట్టి మరీ చెప్పారు.

ఒకటిన్నర స్టార్ కోసింది ఆలస్యానికి. కమిటీ కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలని చట్టంలోనే ఉంది, కానీ మా దగ్గర ఎన్నికల పని అని ఒకసారి, వీడియో కాన్ఫరెన్స్ అని ఇంకోసారి వాయిదా, చెప్పాపెట్టకుండా. వాణ్ణి ఆటోలో ఎక్కించుకుని వెళ్లి ఖాళీ హాలు చూసి రావడం ఎంత విసుగో మీకు చెప్పక్కర్లేదు.

మీటింగ్ మాత్రం బాగా జరిగింది. కలెక్టర్ గారు నాతో కాదు, ముందు వాడితోనే మాట్లాడారు. అక్క దగ్గర ఉంటావా అంటే వీడేమో బల్ల మీద స్టాప్లర్ లాక్కుని టకటకా నొక్కుతూ "అక్క చేపలు వండుద్ది" అన్నాడు. నలుగురూ నవ్వేశారు, ఫైలు మీద సంతకమైపోయింది.

గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ చూపించినా బ్యాంకు ముందు నసిగింది. దీన్ని ఒప్పుకోవాలని రిజర్వ్ బ్యాంక్ 2007లోనే బ్యాంకులకి చెప్పింది, ఆ సర్క్యులర్ ప్రింట్ తీసుకెళ్లండి, వాదన తగ్గుతుంది. ఇంకోటి, గార్డియన్‌ అయిన ఆరు నెలల్లో మనం చూసుకునేవాళ్ల ఆస్తుల జాబితా కమిటీకి ఇవ్వాలి, ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో ఏటా లెక్కలు చూపాలి. బిల్లులు పారేయకండి.

బ్రెయిన్ స్ట్రోక్ వచ్చి కోమాలో ఉన్నవాళ్ల కోసమైతే ఈ కమిటీ చుట్టూ తిరగొద్దు, వాళ్లు ఈ చట్టం కిందకి రారు. జీపీఏ (వాళ్ల తరఫున సంతకాలు పెట్టే అధికార పత్రం) రాయించుకుందాంలే అంటారు కొందరు, స్పృహలేని మనిషి వేలిముద్రకి విలువ ఉండదు. హైకోర్టులో రిట్ వేయాలి, కేరళ హైకోర్టు 2019లో ఇలాంటి కేసులకి మార్గదర్శకాలిచ్చింది. అక్కడ మాత్రం లాయరు ఫీజు తప్పదు.