ఆరేళ్ల రాత్రిబడి, ఒక ట్రంకుపెట్టె: పెద్దవాళ్ల లెక్కలకు ఏ సామాను పనికొచ్చింది

మా ఊరి డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకు రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది దాకా లెక్కలు చెప్పడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. ముప్పయ్యేళ్లవాళ్లూ వస్తారు, అరవై దాటినవాళ్లూ వస్తారు. కొన్నవీ చేసుకున్నవీ కలిపి ఒక ట్రంకుపెట్టె నిండా సామాను పోగైంది. ఇలాంటి తరగతి పెట్టాలనుకునేవాళ్లు ఏం కొనమంటారని అడుగుతుంటారు. అందుకే వాడి చూసిన సంగతులు రాస్తున్నాను.

పిల్లల చేతికి సామాను ఇచ్చేది ఏడంటే ఎంతో తెలియడానికి. పెద్దవాళ్లకు అది ఎప్పుడో తెలుసు. ఎకరం కలుపుకి ఎంతమంది కావాలో, మనిషికింతైతే మొత్తం ఎంతవుతుందో నోటితోనే చెప్పేస్తారు. వాళ్లకు అందనిది కాగితం. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాది కొన్నవాటిలో సగం అందుకే మూలపడ్డాయి.

మూలపడ్డవాటిలో మొదటివి క్యూసినేర్ కడ్డీలు. బెల్జియం బడిపంతులు జార్జ్ క్యూసినేర్ రూపొందించినవి. ఒక సెంటీమీటరు నుంచి 10 సెంటీమీటర్ల దాకా పది పొడవులు, పది రంగులు. పిల్లలతో వాడి చూశాను, చాలా మంచి సామాను. మా తరగతిలో మాత్రం, అంకెలే ఇంకా కుదురుకోని మనిషి ఏ రంగు ఎంతో కూడా గుర్తుపెట్టుకోవాల్సి వచ్చింది. శుక్లాలున్న కళ్లకు రాత్రిపూట లేత ఆకుపచ్చకీ ముదురు ఆకుపచ్చకీ తేడా తెలిసేది కాదు. మూడోరోజు ఒక పెద్దమ్మ కడ్డీలు నా వైపు జరిపి, "మనవడి బొమ్మలతో నాకేం పనమ్మా?" అంది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. అప్పటినుంచి ఏ వస్తువు తెచ్చినా, ఇది ఈమె చేతిలో ఎలా ఉంటుందని ముందు ఆలోచిస్తాను. (ఆ నెలలోనే చత్వారం కళ్లద్దాలు తెప్పించాం. వాటంత మేలు చేసిన సామాను ఈ పెట్టెలో తక్కువ.)

పదులు, వందలు చూపే ప్లాస్టిక్ దిమ్మెలు కూడా కొన్నాను. వాటికంటే చీపురుపుల్లల కట్టలు నయం. పది దిమ్మెను విరవలేం, పది పుల్లల కట్టకైతే దారం విప్పితే చాలు.

అన్నిటికంటే ఎక్కువ పనిచేసినవి, ఒకదానిమీద ఒకటి పరిచే స్థానవిలువ కార్డులు. రెండువందల ముప్పై నాలుగు రాయమంటే మావాళ్లు 200304 అని రాసేవారు. చెవికి విన్నది విన్నట్టే రాశారు, ముందు రెండువందలు, తర్వాత ముప్పై, తర్వాత నాలుగు. నూట ఐదు 1005 అయ్యేది. పలకమీద ఎన్నిసార్లు దిద్దించినా మళ్లీ అదే. అప్పుడు పాత శుభలేఖల అట్టలు కత్తిరించి కార్డులు చేశాను. 200 కార్డు మూడు అంకెల వెడల్పు, 30 కార్డు రెండు, 4 కార్డు ఒకటి. కుడి అంచులు కలిపి ఒకదానిమీద ఒకటి పెడితే 234 కనిపిస్తుంది. ఒకామె 4 కార్డు ఎత్తి కింద సున్నా చూసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ ఎత్తి చూసింది. "సున్నా పోలేదు, కింద ఉంది" అని పక్కామెకు చెప్పింది. నేను అన్ని వారాలు చెప్పలేకపోయింది అదే. పైసా ఖర్చు లేదు. ఒక్క సామానే తీసుకోగలిగితే ఇదే తీసుకోండి.

ఆట నోట్లు ఫ్యాన్సీ షాపులో దొరుకుతాయి. కట్టలో ఉన్నవన్నీ ఒకేసారి పంచకండి. మొదట వందలు, పదులు, రూపాయలు మాత్రమే ఇవ్వండి. 500, 50, 20 తర్వాత. స్థానాలకు సరిపోయేవి ఆ మూడే. తీసివేత దగ్గర ఇవి ఎంతగానో ఆదుకున్నాయి. వందలోంచి 63 తీయమంటే మావాళ్లు అంగట్లో చిల్లర ఇచ్చినట్టు, 63కి ఏడు కలిపి 70, ఇంకో ముప్పై కలిపి 100, అంటే 37 అంటారు. అది సరైన పద్ధతి, దాన్ని మాన్పించకూడదు. కానీ కాగితం మీద పక్కస్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం ఏమిటో అర్థమయ్యేది కాదు. వంద నోటిచ్చి పది పదులు, అందులో ఒక పదిచ్చి పది రూపాయలు తెచ్చుకున్నాక ఆ కొట్టివేతలకు అర్థం దొరికింది. మేం అప్పు అనే మాటే మానేశాం. "నోటు మార్చు" అంటాం.

భిన్నాలకు ఏమీ కొననక్కర్లేదు. అటకమీది కొలతలు దించితే చాలు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. అంటే మానికలో తవ్వ అర, సోల పావు. అరకి పావు కలిపితే ఎంతని పలకమీద అడిగితే పైవి పైవి, కిందవి కిందవి కలిపి ఆరింట రెండు అని రాసినవాళ్లే, తవ్వెడు బియ్యం మీద సోలెడు పోసి ముప్పావు మానిక అన్నారు. అయితే ఇప్పటి ముప్పయ్యేళ్లవాళ్లు చాలామంది సోలా తవ్వా చూసి ఎరగరు. వాళ్లకు పెద్దవాళ్లే చెప్పారు. ఆ రెండు రాత్రులు నేను పక్కన కూర్చున్నాను.

వడ్డీకి చింతగింజలు. అడ్డంగా పది, నిలువుగా పది గళ్ల అట్ట, గడికో గింజ, మొత్తం వంద, అంటే వంద రూపాయల అప్పు. రూపాయి వడ్డీ అంటే నెలకో గింజ పక్కన పెట్టడం, ఏడాదికి పన్నెండు. రెండు రూపాయలంటే ఇరవై నాలుగు. పావలా వడ్డీ అంటే నాలుగు నెలలకో గింజ, ఏడాదికి మూడే. ఊళ్లో నెల లెక్క, బ్యాంకులో ఏడాది లెక్క. ఒకామె బ్యాంకు 12 శాతం అందని భయపడి బయట రెండు రూపాయలకు తెచ్చుకుంది. రెండుకంటే పన్నెండు పెద్దదే కదా మరి. గింజలు రెండు వరసలుగా పేర్చాక చాలాసేపు మాట్లాడలేదు. ఈ అట్ట ఆమె తీసుకున్న రోజుకి ముందే నా దగ్గర ఉండాల్సింది. ఆ బాధ నాకింకా ఉంది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు రెండో నెలలోనే గింజలు పెడుతున్నాను, హెచ్చవేతలు రాకపోయినా సరే.

నూరు పూసల దండ పదేసి రంగు మార్చి మేమే గుచ్చాం. ముందుకీ వెనక్కీ లెక్కించడానికి బాగుంటుంది, రెండు వారాల తర్వాత పెద్దగా అవసరం పడదు.

సామానుతో ఒక చిక్కుంది, అది నా పొరపాటు వల్లే తెలిసింది. నోట్లతో చకచకా చేసేవాళ్లు పుస్తకం తెరవగానే ఆగిపోయేవారు. పెద్దవాళ్ల చదువు కోసం కేంద్రం పెట్టిన ఉల్లాస్ కార్యక్రమం పరీక్షలో చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోటి 50 మార్కులు. అక్కడ ఉండేది కాగితమే, నోట్లుండవు. అందుకే ఇప్పుడు నోటు మార్చినప్పుడల్లా ఆ పని వెంటనే పలకమీద రాయిస్తాను. నెల తర్వాత నోట్లమీద తువ్వాలు కప్పుతాను. ముందు రాయాలి, తర్వాత తువ్వాలు తీసి సరిచూసుకోవాలి. మరో నెలకి నోట్లు పెట్టెలోనే ఉంటాయి, కావాలంటే లేచి తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు సంఘం పుస్తకాలు రాస్తున్న ఆమె మా రెండో ఏడాది తరగతిలో చేరిన మనిషి. తీసివేత వచ్చినప్పుడల్లా ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు నోట్లు లెక్కబెడుతున్నట్టు కదులుతాయి. అంకె వేశాక ఆగుతాయి.