రెండడుగుల చేపల తొట్టి సెట్: మనసుకు ఊరట కోసమైతే ఇదే కొనండి, గుండ్రటి బౌల్ వద్దు

వరంగల్‌లో ఎండాకాలం వస్తే పొద్దున ఎనిమిది దాటాక భద్రకాళి చెరువు కట్ట మీద నడక కుదరదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, మంచం పట్టినవాళ్లను చూసుకుంటూ ఇల్లు కదలలేనివాళ్లకు చలికాలంలో కూడా కట్ట దాకా పోవడం కష్టమే. కాసిని నీళ్లు, కాస్త పచ్చదనం, కదిలే ప్రాణం ఇంట్లోకి తెచ్చుకుందామని హన్మకొండ, వరంగల్ అక్వేరియం షాపులకు వెళ్తే ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి టేబుల్ మీద పెట్టుకునే గుండ్రటి బౌల్, రెండోది మూత, లైటు, ఫిల్టర్‌తో వచ్చే రెండడుగుల తొట్టి.

బౌల్ కొనొద్దు. అందులో పట్టేది మూడు నాలుగు లీటర్లు. చేప విసర్జన, మిగిలిన మేత కలిసి తయారయ్యే అమోనియా అంత కొద్ది నీళ్లలో ఒకటి రెండు రోజుల్లోనే ప్రమాదకర స్థాయికి చేరుతుంది. దాంతో వారానికి రెండుసార్లు నీళ్లన్నీ పారబోసి కొత్తవి పోస్తారు. ఒక్కసారిగా మారిన నీటి గుణానికి, వేడికి చేప తట్టుకోలేదు. పిల్లలు పేరు పెట్టి పిలుచుకున్న గోల్డ్‌ఫిష్ పది రోజుల్లో వెల్లకిలా తేలితే, ఊరట కోసం కొన్నది ఇంట్లో అందరికీ దిగులు మిగుల్చుతుంది. పిల్లలు ఆ తప్పు తమదే అనుకుంటారు. ఆ తప్పు బౌల్‌ది.

రెండడుగుల సెట్ సంగతి వేరు. పొడవు 24 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 12 ఉన్న తొట్టి నిండా పోస్తే 56 లీటర్లు పడతాయి. కింద కంకర, పైన ఖాళీ పోగా 45 లీటర్ల దాకా నిలుస్తాయి. నీళ్లు ఎక్కువైతే చిన్న పొరపాట్లు సర్దుకుంటాయి. ఒకరోజు మేత కాస్త ఎక్కువ పడినా, మధ్యాహ్నం గది వేడెక్కినా, చేపలకు ముప్పు వచ్చేలోపు మీకు సరిదిద్దుకునే టైమ్ ఉంటుంది.

షాపులో ఒకే మొత్తం చెప్తే ఒప్పుకోకుండా గాజు, మూత, ఫిల్టర్, స్టాండు ధరలు విడివిడిగా అడగండి. ఈ ఎత్తుకు గాజు 5 మిల్లీమీటర్ల మందం ఉండాలి. ఎత్తు 15 అంగుళాలైతే 6 మిల్లీమీటర్లు. మూలల్లో సిలికాన్ లోపల బుడగలు, తెగిన చోట్లు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. సెట్‌తో ఇచ్చే చిన్న ఫిల్టర్ బదులు స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంప్ అడిగి తీసుకోవడం మేలు. స్పాంజ్ చిన్న చేప పిల్లలను లాగదు, కడగడం తేలిక. పంపుకు ఖర్చయ్యేది నాలుగైదు వాట్లే కాబట్టి ఇన్వర్టర్ లైనుకు కలపొచ్చు. పంపును నీటి మట్టం కన్నా కింద పెట్టేట్టయితే గొట్టం మధ్యలో నాన్ రిటర్న్ వాల్వ్ తప్పనిసరి. అది లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకి, అక్కడి నుంచి స్విచ్ బోర్డు మీదికి చేరతాయి. వైర్లు బోర్డులోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరిగేలా వదలండి. అప్పుడు జారిన చుక్క ఆ వంపు దగ్గరే నేల మీద పడుతుంది.

నిండిన తొట్టి బరువు 65 కిలోలు దాటుతుంది. స్టాండు ఊగకూడదు. గాజు కింద థర్మాకోల్ షీటు వేయాలి. ఇక ఎత్తు విషయం చాలామంది పట్టించుకోరు కానీ మనసుకు సంబంధించినంతవరకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. కుర్చీలో కూర్చున్న మనిషి కంటికి ఎదురుగా తొట్టి నడిభాగం రావాలి. అంటే మూడడుగుల స్టాండు. మంచం మీద నుంచి చూసేవాళ్లకైతే రెండున్నర అడుగులు. టీవీ పక్కన పెడితే చూపు టీవీకే పోతుంది. పడకగదిలో పెడితే పంపు గుర్రుమనే చప్పుడుకు నిద్ర పాడవుతుంది. హాల్లో పెట్టినా పంపు కింద ఫోమ్ ముక్క వేస్తే ఆ చప్పుడు సగానికి తగ్గుతుంది. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర పెడితే వారంలో గాజంతా పచ్చటి పాచి.

చేపలను చూస్తే నిజంగా ఏమైనా మారుతుందా అంటే, కొలిచి చూసినవాళ్లున్నారు. ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో నేషనల్ మెరైన్ అక్వేరియం ఒక పెద్ద తొట్టిని ఖాళీ చేసి తిరిగి చేపలతో నింపుతున్నప్పుడు, చూసేవాళ్ల గుండె వేగం, బీపీ పరీక్షించారు. 2015లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, చేపలు లేని తొట్టిని చూసినవాళ్లలోనూ అవి తగ్గాయి. చేపలు చేరాక గుండె వేగం ఇంకా తగ్గింది, చూసేవాళ్లు ఎక్కువసేపు నిలబడ్డారు. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు అల్జీమర్స్ ఉన్న పెద్దల భోజనశాలలో తొట్టి పెడితే వాళ్లు అంతకుముందు కన్నా ఎక్కువ తిన్నారు, బరువు పెరిగారు. ఆ అధ్యయనం 2002లో అచ్చయింది. మతిమరుపుతో అన్నం ముందు కుదురుగా కూర్చోలేని పెద్దవాళ్లున్న ఇంట్లో తొట్టిని భోజనాల బల్ల దగ్గరే పెట్టడానికి ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

ఫోన్ కూడా చూపును పట్టి ఉంచుతుంది, కానీ లాగి పట్టి ఉంచుతుంది. నాచు మధ్యలోంచి గప్పీ అనే చిన్న చేప ఒకటి తోక ఊపుకుంటూ వచ్చి, గాజు దగ్గర ఆగి, తిరిగి వెళ్లిపోతుంటే కళ్లు దాని వెంట వాటంతట అవే పోతాయి. దానికి జవాబు ఇవ్వక్కర్లేదు, ఏదీ నొక్కక్కర్లేదు. రోజుకు పది నిమిషాలు ఫోన్ పక్క గదిలో వదిలేసి చూడండి.

అయితే ఇది వైద్యం కాదు. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతకాలనిపించకపోయినా మానసిక వైద్యుడిని కలవాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. బాగా కుంగిపోయి ఉన్న మనిషికి తొట్టిని కానుకగా ఇచ్చి, దాని పని మొత్తం వాళ్ల మీద పెట్టకండి. నీళ్లు మార్చే పని ఇంట్లో ఇంకొకరిది కావాలి. మేత వేసే పని మాత్రం వాళ్లకే వదలండి. చిటికెడు మేత వేలి కొసన పట్టుకోగానే చేపలన్నీ ఆ మూలకు గుంపుగా చేరతాయి. తన కోసం ఎదురుచూసే ప్రాణం ఒకటి ఉందని ఆ మనిషికి రోజూ ఒకసారి తెలుస్తుంది.

ఈ సెట్‌లో అసలు లోపం పెట్టెలో ఉండదు, షాపువాళ్లు చెప్పని మాటలో ఉంటుంది. తొట్టి, చేపలు ఒకేరోజు అమ్మేస్తారు. చేపలు వదిలే అమోనియాను కొన్ని రకాల బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకొన్ని రకాలు దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషం, మూడోది కొద్ది మోతాదులో ఫర్వాలేదు. ఈ బ్యాక్టీరియా స్పాంజ్‌లో, కంకరలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అది తెలియక చేపలు వేసినవాళ్లకు రెండో వారంలో వరసగా చావులు. మన దగ్గర ముప్పు ఇంకా ఎక్కువ. బకెట్టుకు తెల్లటి పొర కట్టించే బోరు నీళ్లలో, అదీ ఎండాకాలం వేడిలో, అమోనియా విషం మరింత పెరుగుతుంది.

అందుకే ముందు పది కిలోల కంకర నల్లా కింద తేటనీళ్లు వచ్చేదాకా కడిగి పరచండి. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోయేలా మూత లేని బకెట్లలో ఒక రోజు ఉంచి పోయండి, లేదా సీసా మీద రాసిన మోతాదులో యాంటీ క్లోరిన్ చుక్కలు కలపండి. ఫిల్టర్ ఆన్ చేసి, హార్న్‌వోర్ట్, వాలిస్నేరియా లాంటి మొక్కలు నాటి, చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండండి. అది కుళ్లి వచ్చే అమోనియానే బ్యాక్టీరియాకు ఆహారం. నీటిని పరీక్షించే టెస్ట్ కిట్‌లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే చేపలు. తెలిసినవాళ్ల పాత తొట్టి నుంచి వాడిన స్పాంజ్ ముక్క దొరికితే ఈ ఎదురుచూపు బాగా తగ్గుతుంది.

ఇలా లవణాలు ఎక్కువున్న గట్టి నీళ్లకు గప్పీ, ప్లాటీ, మోలీ సరిగ్గా సరిపోతాయి. 45 లీటర్లకు ఎనిమిది నుంచి పది గప్పీలు చాలు. అన్నీ మగవే తీసుకోండి. ఆడవి కలిస్తే దాదాపు నెలకోసారి పిల్లలు పెడతాయి, మూడు నెలల్లో తొట్టి ఇరుకైపోతుంది. నియాన్ టెట్రాకు మెత్తటి నీళ్లు కావాలి, గోల్డ్‌ఫిష్‌కు ఇంత వేడి పడదు, చోటూ చాలదు. గాజు శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ చేప అడుగు పొడవు దాటుతుంది. అది అసలే వద్దు. ఇంటికి తెచ్చిన కవరును పదిహేను నిమిషాలు నీళ్ల మీద తేలనిచ్చి, తర్వాత ఐదు నిమిషాలకోసారి చిన్న కప్పుడు తొట్టి నీళ్లు అందులో పోసి, చివరికి చేపలను చిన్న వలతో ఎత్తి వదలండి. కవరులోని నీళ్లు పారబోయాలి.

ఆ తర్వాత పని తక్కువే. వారానికోసారి పావు వంతు నీళ్లు సైఫన్ గొట్టంతో తీసి కొత్తవి పోయడం, నెలకోసారి స్పాంజ్‌ను ఆ తీసిన నీళ్లలోనే పిండడం. నల్లా కింద కడిగితే క్లోరిన్‌కు బ్యాక్టీరియా చచ్చి కథ మళ్లీ మొదటికొస్తుంది. రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో తినేంతే మేత. లైటు ఆరేడు గంటలు. సబ్బు తగలని బకెట్ ఒకటి దీనికే కేటాయించండి.

మే నెల మాత్రం జాగ్రత్త. నీళ్లు వేడెక్కినకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాములకు పైగా నిలిచేది 32 డిగ్రీలకు ఏడుకు దగ్గరవుతుంది. చేపలన్నీ పైకి చేరి మూతులు తెరిచి గుటకలు వేస్తుంటే అదే గుర్తు. మూత సగం తెరిచి, టేబుల్ ఫ్యాన్ గాలి నీటి మీదుగా పోయేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అప్పుడు నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. కాబట్టి తగ్గిన మేరకు ఆర్‌ఓ నీళ్లు పోయండి, బోరు నీళ్లు వద్దు. ఐస్ ముక్కలు వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే చేపలకు జబ్బు వస్తుంది.

వానాకాలం వచ్చాక దోమల బెడద. దోమల మందు స్ప్రే చేపలకు ప్రాణాంతకం, కాయిల్ పొగ, ద్రవం మిషన్ల ఆవిరి కూడా మంచివి కావు. ఎయిర్ పంప్ గదిలోని గాలినే నీళ్లలోకి తోస్తుంది. తొట్టి ఉన్న గదిలో కిటికీ జాలీలు, దోమతెరలే వాడండి.

మేడారం జాతరకు నాలుగు రోజులు పోయినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు మేత లేకుండా ఆగుతాయి. పదిరోజులైతే పక్కింటివాళ్లకు డబ్బా అప్పగించకండి, ప్రేమ కొద్దీ ఎక్కువ వేస్తారు. రోజు విడిచి రోజుకు సరిపడా మేత కాగితం పొట్లాలుగా కట్టి ఇవ్వండి. ఎప్పుడైనా తొట్టి తీసేయాల్సి వస్తే చేపలను షాపుకో, పెంచుకునేవాళ్లకో ఇవ్వండి. భద్రకాళి, వడ్డేపల్లి చెరువుల్లో మాత్రం వదలకండి. ఈ గప్పీలు, సక్కర్‌లు అక్కడ స్థిరపడితే చెరువులో పుట్టి పెరిగిన చేపల గుడ్లకు, మేతకు గండి పడుతుంది.